కదలని అంకె

గోడ కింది ఇల్లు,
ఫిబ్రవరి 11

బావగారికి,

ఈ ఒక్క పిలుపు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. పిల్లలిద్దరూ సంతకాలు పెట్టి విడిపోయాక మీరూ నేనూ ఒకరికొకరం ఏమవుతామో మనకెవరూ చెప్పలేదు. మీ అబ్బాయి ఇప్పుడు మాకు అల్లుడు కాదు, మా అమ్మాయి మీకు కోడలు కాదు. అలాగని 'అయ్యా' అని మొదలుపెడితే మునిసిపాలిటీకి అర్జీ రాసినట్టుంది. చివరికి అలవాటైన మాటే రాశాను. ఇష్టం లేకపోతే కొట్టేసి చదువుకోండి.

పని పడే రాస్తున్నాను. మా ఆరిళ్ళ వరుస మీరు చూశారు. వెనకాల ఎత్తైన దిబ్బ, అది జారకుండా మూడు నిలువుల రాతిగోడ. ఇంటికీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. నిరుటి వానల్లో ఆ గోడకి బీట పడింది, సరిగ్గా మా వెనక గదికి ఎదురుగా. మునిసిపాలిటీ ఇంజనీరు వచ్చి, బీటలో బొటనవేలి గోరు పెట్టి చూసి, "పాత గోడలంటే ఇలాగే ఉంటాయండీ. పెరుగుతోందేమో కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఎలా కనిపెట్టుకుని ఉండేది? పెన్సిలుతో గీతలు పెడితే వానకి కొట్టుకుపోయాయి. ఆ సందంతా పాచి. నా మోకాళ్ళు నడవమంటే నడుస్తాయి కానీ వంగమంటే వినవు.

మీరు మీటర్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చేసినవారు. ఇప్పుడూ ఏవో చిన్న యంత్రాలు చేసుకుంటూ ఉంటారని విన్నాను. ఆ బీటని కొలిచి, ఎంతుందో ఇంట్లో కూర్చున్నవాడికి చూపించేది ఏదైనా చేయగలరా? అక్కడ కరెంటు లేదు, తీగ లాగే దారి లేదు. బ్యాటరీ మీదే నడవాలి. ఒకసారి బిగించాక మళ్ళీ నన్ను ఆ సందులోకి పంపకూడదు. ఇదొక్కటే నా కోరిక.

మీ చెల్లెమ్మ బాగానే ఉంది. నేను ఇప్పటికీ లైబ్రరీ వాళ్ళ చిరిగిన పుస్తకాలు తెచ్చుకుని అట్టలు కడుతున్నాను.

మీ
అట్టల బావ


పై అంతస్తు గది,
మార్చి 1

బావగారికి,

కొట్టేయలేదు. పిలుపు ఎవరి సంతకంతోనూ రాలేదు, ఎవరి సంతకంతోనూ పోదు. మీటర్ల బావ అనిపించుకుని సంవత్సరం అయింది, బెంగగానే ఉంది.

ఫోను చేయకుండా ఉత్తరం రాసి మంచి పని చేశారు. ఫ్యాక్టరీ మోత నా చెవులు తినేసింది. ఎడమది పూర్తిగా పోయింది, కుడిది పోతూ ఉంది. ఫోన్లో ఎవరు మాట్లాడినా గిన్నెలు తోముతున్నట్టే వినపడుతుంది.

మీ పనికి కావలసింది గోరంత బుర్ర. దాన్నే మైక్రోకంట్రోలర్ అంటారు. నిద్ర లేవాలి, కొలత చూడాలి, మీ ఇంట్లోకి కబురు పంపాలి, మళ్ళీ పడుకోవాలి. రోజులో అది మెలకువగా ఉండేది ఒక్క సెకను కూడా కాదు. మిగతాదంతా నిద్రే. కాబట్టి ఎంత వేగంగా లెక్కలు చేస్తుందని కాదు, నిద్రలో బ్యాటరీని ఎంత తక్కువ తింటుందని చూసి ఎంచుకోవాలి.

నా బల్ల మీద మూడు రకాలున్నాయి. మొదటిది ఇప్పటి కుర్రకారంతా వాడేది. ఇంటర్నెట్టుతో సహా అన్నీ అదే చేస్తుంది, కానీ లేచిందంటే బండెడు తింటుంది. రెండోది నిద్రలో ఉందో పోయిందో తెలియనంత పొదుపు. అయితే దాని కాళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి. అతకడానికి కూర్చుంటే నా చెయ్యి వణికింది, రెండు కాళ్ళు కలిసి ఒకటయ్యాయి. మూడోది పాతకాలపుది. ఎనిమిదే కాళ్ళు, కంటికి కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో దీని అన్నదమ్ములతోనే నా ఉద్యోగం గడిచింది. జ్ఞాపకశక్తి తక్కువ, ఒక పని చెబితే ఒక పనే చేస్తుంది. ఈ వయసులో నేనూ అంతే కనుక మనసు దీని మీదికే పోతోంది.

బీట ఇప్పుడెంత వెడల్పు? రోజుకి ఎన్నిసార్లు చూడాలి? అది ఎన్నేళ్ళు నడవాలని మీ ఉద్దేశం?

చెల్లెమ్మగారి గురించి ఒక్క ముక్కే రాశారు. ఆవిడ రాయించే నాలుగు మాటలు లేకుండా మీ ఉత్తరం ఎప్పుడూ రాలేదు.

మీ
మీటర్ల బావ


గోడ కింది ఇల్లు,
మార్చి 12

బావగారికి,

పక్కింటి దర్జీని సందులోకి పంపి కొలిపించాను. మీ భాషలో రెండున్నర మిల్లీమీటర్లు. నా భాషలో అయితే మంచి గట్టి అట్ట ఒకటి దూరి నిలబడుతుంది. రోజుకి నాలుగుసార్లు చూస్తే చాలు. ఎన్నేళ్ళంటే ఏం చెప్పను, ఎంతకాలం వీలైతే అంతకాలం. బ్యాటరీ మార్చడానికి వెళ్ళడమన్న మాటే నాకు వద్దు.

ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఖాళీ చేసి వెళ్ళిపొమ్మని చెప్పేవాళ్ళే. దర్జీ ఇంట్లో కుట్టుమిషన్లు మూడు. ఆ పక్కన టీచరమ్మ, తరవాత డ్రైవరు కుటుంబం. అటు చివర రెండిళ్ళలో ఆసుపత్రి ఆయాలు ఉంటారు. అందరికీ ఒకటే మాట, "మీరు కదిలితే మేమూ కదులుతాం." పెద్దవాణ్ణని ఈ గౌరవం. నేను కదలను. అలసిపోయానండీ. ఒక పుస్తకం కుట్టు విప్పి మళ్ళీ కుట్టడానికే ఓపిక లేదు, ఇల్లు విప్పి ఎక్కడ కుట్టుకోను?

మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. మొదటి రకం బలమైనది అంటున్నారు కదా, దానికి పెద్ద బ్యాటరీ పెట్టకూడదా? పాతది అంటే నమ్మచ్చా? మీ ఇష్టానికి అడ్డు చెప్పడం లేదు, తెలియక అడుగుతున్నాను.

మీ చెల్లెమ్మ మిమ్మల్ని అడిగానని రాయమంది.

మీ
అట్టల బావ


పై అంతస్తు గది,
ఏప్రిల్ 20

బావగారికి,

మీరు చెప్పినట్టే ముందు బలమైనదానితో చేసి చూశాను. చెయ్యకపోతే మీకు అనుమానం ఉండిపోతుంది, నాకు ఇంకా ఎక్కువ ఉండిపోతుంది. తొమ్మిది రోజులకి బ్యాటరీ చప్పబడింది. పెద్ద బ్యాటరీ పెట్టచ్చు, కానీ ఆ బీట పక్కన ఇటుకంత పెట్టె వేలాడదీయాలి. పక్కన పెట్టేశాను.

ఇక పాతదే. నాణెం లాంటి సెల్లు ఒకటి పెట్టి, నిద్రలో ఎంత తింటోందో కొలిచాను. ఉండవలసినదానికి పదింతలుంది. రెండు రోజులు తల పట్టుకుని చూస్తే దోషం చిప్పుది కాదు. వోల్టేజి సరిచేయడానికి పక్కన పెట్టిన భాగం ఊరికే కూర్చుని తింటోంది. దాన్ని పీకేశాను. వెలుగుతూ ఉండే చిన్న దీపం ఒకటి ఉంటే అదీ తీసేశాను. చిప్పు లోపల పెద్దగా పని లేని విభాగాలు ఒకటీ రెండూ ఉంటే వాటినీ నిద్రపుచ్చాను. ఇప్పుడు లెక్క ప్రకారం ఒక సెల్లు మూడేళ్ళు రావాలి. మీరిక ఆ సందు మొహం చూడక్కర్లేదు.

పార్సిలు పంపుతున్నాను. రెండు పెట్టెలుంటాయి. చిన్నదానికి జారే మీట ఉంటుంది, పాత రేడియోల్లో శబ్దం పెంచడానికి పైకీ కిందికీ జరిపేవాళ్ళమే, అలాంటిది. మీట ఒక వైపు, పెట్టె ఒక వైపు వచ్చేలా బీటకి అడ్డంగా బిగించాలి. గోడ జరిగితే మీట జరుగుతుంది. పెద్దపెట్టె ఇంట్లో ప్లగ్గుకి పెట్టండి. దాని మీద అంకె కనిపిస్తుంది, అదే బీట వెడల్పు.

చాలా కాలం తరవాత ఒక పనిని చివరిదాకా చేశాను. నడుము పట్టేసింది, అయినా బాగుంది.

మీ
మీటర్ల బావ


గోడ కింది ఇల్లు,
మే 9

బావగారికి,

దర్జీ బిగించాడు. చిరునవ్వు లేని మనిషి, అంకె వెలగగానే వాడు కూడా పళ్ళు బయటపెట్టాడు. రెండు పాయింట్ ఐదు రెండు. అయిదిళ్ళ వాళ్ళూ వచ్చి చూసి వెళ్ళారు.

మిమ్మల్ని ఇంకా మోసం చేయడం నావల్ల కాదు. మీ చెల్లెమ్మ బాగా లేదు. పద్నాలుగు నెలలయింది మంచం పట్టి. పిల్లలు సంతకాలు పెట్టిన వారంలోనే కుడివైపు పడిపోయింది. ఎడమ చెయ్యి ఆడుతుంది. మాట ఒకటీ అరా వస్తుంది, అదీ తాను అనుకున్నది రాదు. నీళ్ళు కావాలంటే "కిటికీ" అంటుంది. నన్ను పిలవాలంటే ఒక్కోసారి మా అమ్మాయి పేరు పిలుస్తుంది.

మీకు ఎందుకు రాయలేదంటే, ఆ వారంలోనే జరిగింది కాబట్టి. మీ ఇంటి వల్ల అనుకుంటున్నానని మీరు అనుకుంటారేమోనని. బీపీ మందులు వేసుకోకపోవడం వల్ల అని డాక్టరు ఆ రోజే చెప్పాడు.

ఆమె మంచం ఆ వెనక గదిలోనే. ముందు గదిలో నా పుస్తకాలూ అట్టలూ, మంచం పట్టదు. జబ్బు మనిషి అంటే అద్దెకి ఎవరూ ఇవ్వడం లేదు, మూడుచోట్ల అడిగాను. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు గుమ్మం దాటించడానికి నలుగురం పట్టాల్సి వచ్చింది, దారి పొడవునా ఏడుస్తూనే ఉంది. నేను కదలనన్నది మొండితనం కాదు.

మీ పెట్టె ఆమె మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. రోజంతా దాన్నే చూస్తుంది. గడియారం కంటే దానికే మర్యాద ఎక్కువ.

మీ
అట్టల బావ


పై అంతస్తు గది,
మే 21

బావగారికి,

మీ ఉత్తరం చదివి ఆ రోజు బల్ల దగ్గరికి వెళ్ళలేదు.

నన్ను నాలుగు మాటలు అనాల్సిన మనిషి మంచంలో ఉంటే, నేను ఇక్కడ అన్నగారిలాగా కుశలం అడుగుతూ ఉన్నాను. పద్నాలుగు నెలలు ఒక్కరూ ఎలా చేశారు బావగారూ? చెయ్యి ఆసరాకి ఎవరున్నారు?

మీరు దాచింది చెప్పారు కనుక నేను దాచింది కూడా చెప్పాలి. మా వాడు ఏప్రిల్లో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వెళ్ళాను. ముందు వరసలో కూర్చోబెట్టారు. ఎవరేం మాట్లాడుతున్నారో వినపడలేదు, అందుకు మొదటిసారి సంతోషించాను. మీ పార్సిలు కట్టింది ఆ తరవాతి వారమే. ఆ ఉత్తరంలో రాద్దామని రెండుసార్లు కాగితం తీసి కూడా రాయలేదు. అమ్మాయికి తెలుసో లేదో. మీకు ఎలా చెప్పాలనిపిస్తే అలా చెప్పండి.

గోడ విషయం. ఒక వారంలో అర మిల్లీమీటరు పెరిగితే ఆలోచించకండి. పెరిగిన రోజే ఆరిళ్ళూ ఖాళీ చేయండి. చెల్లెమ్మగారు ఏడ్చినా సరే.

మీ
మీటర్ల బావ


గోడ కింది ఇల్లు,
జులై 16

బావగారికి,

ఆలస్యానికి కోపగించుకోకండి. వానలు. బట్టలు ఆరవు, దుప్పట్లు ఆరవు, ఆమెకి వీపు మీద పుండు పడింది. రోజుకి నాలుగుసార్లు పక్కకి తిప్పాలి. కూర్చుంటే కునుకు, లేస్తే పని.

అమ్మాయికి పెళ్ళి సంగతి ముందే తెలుసట. మీ అబ్బాయే ఫోను చేసి చెప్పాడట. "నాన్నా, మీరిద్దరూ మా గురించి బాధపడటం ఎప్పుడు ఆపుతారు?" అని అడిగింది.

మీ పెట్టె మా వరుసకి దేవుడిలా దొరికింది. జూన్‌లో మెల్లగా పెరుగుతూ వచ్చింది, రెండు పాయింట్ ఏడు, ఎనిమిది, ఆఖరికి రెండు పాయింట్ తొమ్మిది ఒకటి. అక్కడ ఆగింది. పంతొమ్మిది రోజులుగా ఇంత వానలోనూ అదే అంకె, ఒక పిసరు కూడా అటూ ఇటూ కాలేదు. ఈ నెల మొదట్లో మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి, బడిలో గదులు ఖాళీగా ఉన్నాయి, వానలు తగ్గేదాకా వెళ్ళి ఉండండి అన్నారు. అవతలి వీధి వాళ్ళు సామానుతో సహా వెళ్ళారు. మేం పెట్టె చూపించి, "గోడ నిలబడింది, మాకు అవసరం లేదు" అన్నాం. దర్జీ భార్య రోజూ పొద్దున కిటికీలోంచి "ఎంత?" అని అడుగుతుంది. "అంతే" అంటాను. ఆ ఒక్క మాటతో ఆరిళ్ళలో పొయ్యి వెలుగుతోంది.

మొన్న మధ్యాహ్నం గంటసేపు హాయిగా నిద్రపోయాను. అది మీ చలవే.

మీ
అట్టల బావ


పై అంతస్తు గది,
జులై 20

బావగారికి,

మీ ఉత్తరం అందిన అయిదు నిమిషాలకి కింద మందుల దుకాణం ఆవిడ దగ్గరికి పరుగెత్తాను. మీ నంబరిచ్చి, "వెంటనే వెనక్కి వెళ్ళి గోడని కళ్ళతో చూడమని చెప్పమ్మా, అంకెని నమ్మద్దని చెప్పు" అన్నాను. ఆవిడ మాట్లాడింది. మీరు "సరే" అన్నారని కాగితం మీద రాసి చూపించింది. అక్కడ మీరు ఏం విన్నారో, ఎలా విన్నారో నాకు తెలిసే దారి లేదు. అందుకే ఇది కూడా రాస్తున్నాను.

బతికి ఉన్న కొలత ఎప్పుడూ ఒకే అంకె చూపించదు. ఎండకి, చెమ్మకి, పొద్దుటికీ మధ్యాహ్నానికీ చివరి అంకె ఊగుతూ ఉంటుంది. పంతొమ్మిది రోజులు కదలలేదంటే గోడ ఆగలేదు, పెట్టె ఆగిపోయింది. ఇంట్లో ఉన్న పెట్టె ఆఖరిసారి విన్న అంకెనే పట్టుకుని కూర్చుంది. కబురు ఎప్పుడు వచ్చిందో కూడా చూపించాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

ఇంకొకటి. "పెద్దగా పని లేని విభాగాలు" అని ఏప్రిల్లో రాశాను. అందులో ఒకటి పని లేనిది కాదు. చిప్పులో ఒక కాపలా ఉంటుంది. సెల్లు ఒక్క క్షణం నీరసపడినా పసిగట్టి, మతి తప్పకముందే అంతా ఆపి మళ్ళీ మొదటినుంచి నడిపిస్తుంది. ఈ వాన చెమ్మకి సెల్లు నీరసపడి చిప్పు మతి తప్పి ఉంటుంది, లేపడానికి ఆ కాపలా లేదు. అది ఉంటే సెల్లు ఏడాదికి కాస్త పైన వచ్చేది. తీసేస్తే మూడేళ్ళు. మిమ్మల్ని మళ్ళీ ఆ సందులోకి పంపకూడదని తీసేశాను. అది సగం నిజం. మూడేళ్ళు అని రాయడం బాగుంటుందని కూడా తీసేశాను. ఫ్యాక్టరీలో నా కింద పనిచేసేవాడు ఇది చేసి ఉంటే సంతకం పెట్టేవాణ్ణి కాదు.

క్షేమమని ఒక్క ముక్క రాయండి.

మీటర్ల బావ


బడిలో మూడో గది,
ఆగస్టు 4

బావగారికి,

అందరం బతికే ఉన్నాం.

ఆ రోజు ఫోనులో ఎవరో ఆడమనిషి, "ఇక్కడ ఒక పెద్దాయన ఏడుస్తున్నారండీ, మీ గోడ చూడమంటున్నారు" అంది. దర్జీని పిలిచి ఇద్దరం సందులోకి వెళ్ళాం. మీ మీట గాడిలోంచి ఊడి వేలాడుతోంది. బీటలో నా నాలుగు వేళ్ళూ కణుపుల దాకా దూరాయి. లోపల్నుంచి నీళ్ళు మట్టితో కలిసి ఎర్రగా కారుతున్నాయి. దర్జీ బయటికొచ్చి పరుగెత్తడం మొదలుపెట్టాడు.

నేను అట్టలు కోసే బల్ల పైచెక్క ఊడదీసి, దాని మీద పరుపు వేసి, మీ చెల్లెమ్మని పడుకోబెట్టాం. డ్రైవరు, ఇద్దరు ఆయాలు, నేను. ఆసుపత్రి వాళ్ళు కదా, ఎలా పట్టుకోవాలో వాళ్ళకి తెలుసు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, నా చొక్కా పట్టుకుని వదల్లేదు. మధ్యాహ్నం భోజనం వేళకి ఆరిళ్ళలోనూ మనుషులెవరూ లేరు. సామాను మాత్రం ఉంది. మర్నాడు పోలీసులు తాడు కట్టి ఎవర్నీ లోపలికి వెళ్ళనివ్వలేదు.

మూడో రోజు మధ్యాహ్నం గోడ పడింది. బడి వరండాలోంచి విన్నాం. మా వెనక గది లేదు. ఆమె మంచం ఉన్నచోట బండరాళ్ళున్నాయి. దర్జీ మిషన్లు మూడూ పోయాయి. లైబ్రరీ పుస్తకాలు నలభై మూడు, నా దగ్గరున్నవి, బురదలో పోయాయి.

దర్జీ నాతో మాట్లాడడం లేదు. ఒక్కసారే మాట్లాడాడు. "ఆ పెట్టె లేకపోతే జులై మొదట్లోనే వచ్చేసేవాళ్ళం. మిషన్లతో సహా" అన్నాడు. అబద్ధం కాదు.

మీమీద కోపం లేదని రాద్దామని కూర్చున్నాను. ఉంది బావగారూ. ఆ ఫోను మీరే చేయించారు, దానికి జన్మంతా రుణపడి ఉంటాను. అయినా కోపం ఉంది. మూడేళ్ళు ఎవరు అడిగారు? ఏడాదికొకసారి వెళ్ళాలి అని రాసి ఉంటే తిట్టుకుంటూ వెళ్ళేవాణ్ణి.

కొన్నాళ్ళు రాయకండి.

అట్టల బావ


పై అంతస్తు గది,
ఆగస్టు 29

బావగారికి,

రాయవద్దన్నారు. ఇరవై రోజులు ఆగాను. ఇది జవాబు కోసం రాస్తున్నది కాదు.

మీరు అన్నదంతా ఒప్పుకుంటున్నాను. దర్జీగారు అన్నది కూడా. ఆయనకి వేరుగా ఉత్తరం రాసి ఇందులో పెట్టాను. ఏం చేశానో, ఏం దాచానో రెండు పేజీల్లో ఉంది. క్షమించమని రాయలేదు, అది ఆయనకి ఇంకో బరువు అవుతుంది. ఇవ్వాలో వద్దో మీ ఇష్టం.

గోడలో సగం ఇంకా నిలబడి ఉందని, దాని కింద వేరే ఇళ్ళున్నాయని పేపర్లో చదివాను. మళ్ళీ చేశాను. అదే పాత చిప్పు. తప్పు దానిది కాదు. కాపలా ఉంది. కబురు అందని పూట ఇంట్లో పెట్టె అంకె తీసేసి కూత పెడుతుంది. సెల్లు ఏడాదికొకసారి మార్చాలి. మూత లోపల ఆ మాట పెద్ద అక్షరాలతో రాశాను. పెట్టె చూసినా సరే, నెలకొకసారి మనిషి వెళ్ళి టేపుతో కొలవాలని కూడా రాశాను.

పార్సిలు మీ బడి చిరునామాకే పంపుతున్నాను. వద్దనుకుంటే అవతల పారేయండి. చెల్లెమ్మగారి వీపు పుండు మానిందా, అది మాత్రం ఎవరిచేతనైనా రాయించండి.

మీ
మీటర్ల బావ


కొత్త అద్దె గది,
సెప్టెంబరు 17

బావగారికి,

పుండు మానింది. కింది అంతస్తులో ఒక గది దొరికింది. టీచరమ్మ చెబితే ఇచ్చారు. ఇరుకు, కానీ మంచం పడుతుంది, ఒకే ఒక మెట్టు.

మీకొకటి చెప్పాలి. దీన్ని కూడా దాచుదామనుకున్నాను. మొన్న ఆమెకి అన్నం పెడుతూ, ఊరికే, "మీ అన్నగారు కొత్త పెట్టె పంపారు" అన్నాను. ఎడమ చెయ్యి లేపి గాల్లో ఒక వేలు అటూ ఇటూ ఊపింది. తరవాత ఊపడం ఆపి, వేలు నిటారుగా పెట్టి, "కిటికీ, కిటికీ" అంది. అప్పుడు నాకు అర్థమైంది. జులైలో పది రోజులు ఇదే చేసింది బావగారూ. పెట్టె వైపు వేలు చూపించి, ఊపి, ఆపి, "కిటికీ" అనేది. కిటికీ తెరవమంటోందనుకుని తెరిచేవాణ్ణి. వాన జల్లు పడి మళ్ళీ మూసేవాణ్ణి. ఒకరోజు, "ఊరుకోవే, చంపుతున్నావు" అని కసిరాను కూడా. రోజంతా ఆ అంకెనే చూసిన మనిషి కదా. చివరి అంకె ఊగడం ఆగిందని ఆమెకి తెలిసింది. చెప్పింది. మీకు చెవులు లేవు, నాకు ఉన్నాయి.

ఈ సంగతి దర్జీకి చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం సహించేలా లేదు. మీ ఉత్తరం కూడా అప్పుడే ఇచ్చాను. అక్కడే నిలబడి రెండు పేజీలూ చదివాడు. "ఇద్దరూ ఇద్దరే" అన్నాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఎప్పుడు మార్చాలో మూత మీద రాశాడా?" అని అడిగాడు. రాశారన్నాను.

అతనికి ఎవరో పాత మిషను ఒకటి ఇచ్చారు, నడుస్తోంది. నాతో ఇంకా మాట్లాడేది తక్కువే. కానీ మిగిలిన గోడ కింద ఉన్న ఇళ్ళవాళ్ళని కలిసి వచ్చాడు. పెట్టె పెట్టుకోవడానికి వాళ్ళు ఒక షరతు పెట్టారు, అసలు షరతు దర్జీదే అని నా అనుమానం. చేసినవాడే వచ్చి బిగించాలి. బిగించి వారం రోజులు ఇక్కడే ఉండి, రోజూ గోడ దగ్గరికి వెళ్ళి, అంకెనీ గోడనీ కళ్ళతో సరిచూడాలి. వాళ్ళు అడిగే ప్రశ్నలకి కాగితం మీద జవాబు రాయాలి.

రండి. మిమ్మల్ని చూస్తే నా కోపం పోతుందో పెరుగుతుందో తెలియదు, వచ్చాకే తెలుస్తుంది. బస్సు దిగాక ఎడమ వైపు మందుల షాపు పక్క సందు, మూడో ఇల్లు. నేల మీద పడుకోవాలి, చోటు అంతే ఉంది. మాట్లాడలేనని మొహమాటపడకండి, ఇక్కడ ఎవరికీ మాట్లాడే ఓపిక లేదు. మీ చెల్లెమ్మకి చెప్పాను. "ఎప్పుడు?" అంది. ఈసారి మాట సరిగ్గానే వచ్చింది.

మీ
అట్టల బావ